ఎపిసోడ్ 31: తాళం చేతికొచ్చాకే టికెట్ – జర్మనీలో ఫ్యామిలీకి అద్దె ఇల్లు వెతికిన కథ

రాత్రి పదకొండున్నర. మ్యూనిక్‌లో ఒక చిన్న ఫర్నిష్డ్ రూమ్. నా చేతిలో ఫోన్, ఫోన్‌లో బ్యాంక్ యాప్. అమౌంట్ దగ్గర 2,670 యూరోలు అని కొట్టేశాను. ఇక కింద బటన్ నొక్కడమే మిగిలింది. ఆ డబ్బు ఎవరికి? నేను ఒక్కసారి కూడా చూడని మనిషికి. దేనికి? నేను ఒక్కసారి కూడా అడుగుపెట్టని ఇంటికి.

నేను బీటెక్ చదివాను. ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మా అమ్మకీ, అత్తయ్యకీ క్లాసులు పీకిన దాన్ని. అలాంటి నేను ఆ బటన్ దాకా ఎలా వెళ్ళాను, ఎందుకు ఆగాను, చివరికి ఇల్లు ఎలా దొరికింది, ఇవాళ అదే చెప్తాను.

హాయ్ ఫ్రెండ్స్, నమస్తే. ఫ్యామిలీతో జర్మనీ వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు చాలామంది నన్ను అడిగేది వీసా గురించి, జీతం గురించి. ఇంటి గురించి ఎవరూ అడగరు. "వెళ్ళాక చూసుకుందాంలే" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వీసా కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఇల్లే.

ముందు చేసిన తప్పు

ఉద్యోగం నాకు వచ్చింది కాబట్టి ముందు నేనొక్కదాన్నే వెళ్ళాను, సెప్టెంబర్‌లో. మా ఆయనది హైదరాబాద్‌లో ఉద్యోగం, మూడు నెలల నోటీస్ పీరియడ్. పాపకి అప్పటికి రెండున్నరేళ్ళు. దాన్ని కాకినాడలో మా అమ్మ దగ్గర ఉంచాం. ప్లాన్ చాలా సింపుల్‌గా కనిపించింది. నేను వెళ్ళి మూడు నెలల్లో ఇల్లు చూస్తాను, డిసెంబర్ 20కి ఆయనా పాపా వచ్చేస్తారు. ఆ ధైర్యంతో డిసెంబర్ టికెట్లు కూడా అప్పుడే కొనేశాం, రేటు తక్కువగా ఉందని. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదన్నమాట.

నా ధైర్యానికి కారణం హైదరాబాద్. అక్కడ ఇల్లు వెతకడం నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే బండి మీద కేపీహెచ్‌బీ కాలనీ వీధుల్లో తిరిగితే గేట్లకి టు-లెట్ బోర్డులు వేలాడుతుంటాయి. ఫోన్ చేస్తే వాచ్‌మన్ వచ్చి తాళం తీస్తాడు. నచ్చితే అక్కడే అడ్వాన్స్, వచ్చే ఆదివారం పాలు పొంగించడం. రెండు ఆదివారాల పని.

మ్యూనిక్‌లో బోర్డులు ఉండవు. ఇళ్ళన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి, ఒక్కో ఇంటికి గంటలోనే బోలెడన్ని మెసేజ్‌లు వెళ్తాయి. ఇల్లు మనం ఎంచుకోవడం కాదు, ఓనర్ మనల్ని ఎంచుకోవాలి. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు నెలన్నర పట్టింది.

యాడ్ చదవడం నేర్చుకోండి

సరే, ముందు లెక్కలు. జర్మనీలో బెడ్‌రూమ్‌లు లెక్కపెట్టరు, గదులు లెక్కపెడతారు. హాలు కూడా ఒక గదే. కిచెన్, బాత్రూమ్ లెక్కలోకి రావు. అంటే 2 గదుల ఇల్లంటే మన వన్ బీహెచ్‌కే. 3 గదులంటే టూ బీహెచ్‌కే. నేను మొదటి వారం 2 గదుల ఇళ్ళు చూసి "అబ్బ, టూ బీహెచ్‌కే ఇంత చవకా!" అని సంబరపడ్డాను.

సైజు చదరపు మీటర్లలో ఉంటుంది. 70 చదరపు మీటర్లంటే సుమారు 750 చదరపు అడుగులు. వినడానికి చిన్నదే. కానీ మన దగ్గరలా మెట్లూ లిఫ్టూ కలిపిన లెక్క కాదు, నిజంగా లోపల మనం వాడుకునే జాగా. బాల్కనీని కూడా మామూలుగా పావు వంతే కలుపుతారు.

తర్వాత అద్దె. రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. కాల్ట్‌మీటె అంటే చల్లని అద్దె, వార్మ్‌మీటె అంటే వేడి అద్దె. చల్లనిది ఒట్టి ఇంటి అద్దె. దానికి నీళ్ళు, చెత్త, మెట్లు తుడవడం, మామూలుగా హీటింగ్ కూడా కలిపితే వేడి అద్దె. యాడ్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది ఎక్కువగా చల్లనిదే. మన జేబులోంచి పోయేది వేడిది. దాని మీద కరెంటు, ఇంటర్నెట్ మళ్ళీ వేరే. టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది, అది కూడా వేరే.

ఇంకో షాక్, కిచెన్. చాలా ఇళ్ళకి కిచెన్ ఉండదు. కిచెన్ అనే గది ఉంటుంది, అందులో గోడలోంచి వచ్చిన పైపులు మాత్రమే ఉంటాయి. స్టవ్ లేదు, సింక్ లేదు, ఒక్క అల్మారా లేదు. ముందున్నవాళ్ళు ఊడదీసుకుని పట్టుకెళ్ళిపోతారు! సీలింగ్‌కి లైట్లు కూడా ఉండవు, వైర్లు వేలాడుతుంటాయి. యాడ్‌లో ఐన్‌బౌక్యూషె అనో, ఈబీకే అనో ఉంటే కిచెన్ ఉన్నట్టు. లేదంటే కొత్తది పెట్టించుకోవాలి, లేదా ఖాళీ చేసేవాళ్ళ దగ్గర పాతది కొనుక్కోవాలి.

మంచి వార్త ఒకటి. 2015 జూన్ నుంచి అక్కడి చట్టం ప్రకారం బ్రోకర్‌ని ఎవరు పెట్టుకుంటే వాళ్ళే ఫీజు కట్టాలి. అంటే ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కి మనం ఒక్క యూరో కూడా ఇవ్వక్కర్లేదు. "ఇల్లు చూపించడానికి ఇంత" అని ఎవరైనా అడిగితే, అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అడ్రస్ లేకపోతే మనిషే లేనట్టు

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసుకి వెళ్ళి "నేను ఇక్కడ ఉంటున్నాను" అని రిజిస్టర్ చేసుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. అది అయ్యాకే ట్యాక్స్ నంబర్ పోస్ట్‌లో వస్తుంది. ఆ నంబర్ లేకుండా ఎక్కువ కాలం గడిస్తే జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. తర్వాత సర్దుబాటు అవుతుంది, కానీ కొత్తగా వచ్చిన నెలల్లోనే కదా మనకి డబ్బు అవసరం! బ్యాంక్ అకౌంట్, పాపకి డే కేర్ అప్లికేషన్, ఎక్కడికి వెళ్ళినా ముందు అడ్రస్సే అడుగుతారు.

అందుకని నా సలహా. ఫ్యామిలీ ఇల్లు ఇండియా నుంచే వెతికి ఫిక్స్ చేసేద్దామని చూడకండి. ముందు ఒక్కరే వెళ్ళి మూడు నుంచి ఆరు నెలలకి ఫర్నిష్డ్ రూమ్ తీసుకోండి. డబ్బు కట్టే ముందే ఒకటే ప్రశ్న అడగండి, "ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ కుదురుతుందా?" కుదరదంటే ఎంత చవకైనా వదిలేయండి. నేను ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. కంపెనీలో ఒక సీనియర్ అక్క ముందే చెప్పింది కాబట్టి.

94 అప్లికేషన్లు

ఇక అసలు వేట. ఇంజినీర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎక్సెల్ షీట్ పెట్టాను. మొత్తం 94 ఇళ్ళకి మెసేజ్ పంపాను. 71 మందికి జవాబే లేదు. 16 మంది సారీ అన్నారు. 7 ఇళ్ళు చూడటానికి పిలిచారు.

ఈ 94లో మొదటి 50 నేను ఇంగ్లీష్‌లో ఒకటే మెసేజ్ కాపీ పేస్ట్ చేశాను. "ఇల్లు నచ్చింది, ఎప్పుడు చూడొచ్చు?" అంతే. 50కి రెండే పిలుపులు. తర్వాత మా టీమ్‌లో జర్మన్ కొలీగ్ ఒకావిడ నా మెసేజ్ చూసి నవ్వింది. "ఇందులో ఇల్లు గురించి ఉంది, నువ్వెవరో ఎక్కడుంది?" అంది.

ఆవిడ సాయంతో జర్మన్‌లో పది లైన్లు రాశాను. మేం ఎంతమంది, పాప వయసెంత, నా ఉద్యోగం పర్మనెంటా కాదా, నెలకి చేతికొచ్చేది ఎంత, సిగరెట్ లేదు, పెంపుడు జంతువులు లేవు, ఎప్పటి నుంచి కావాలి, ఫోన్ నంబర్. ఆఖర్లో ఆ ఇంటి గురించి ఒక్క లైన్, అంటే యాడ్ నిజంగా చదివానని తెలిసేలా. మిగతా 44కి ఇది పంపాను. ఐదు పిలుపులు వచ్చాయి. అదే మనిషి, అదే జీతం. మెసేజ్ ఒక్కటే మారింది.

కాగితాలు కూడా ఒకే పీడీఎఫ్‌గా రెడీగా ఉంచుకోండి. ఉద్యోగం కాంట్రాక్ట్, మూడు నెలల జీతం స్లిప్పులు, ఇప్పుడున్న ఓనర్ నుంచి అద్దె బాకీ లేదన్న కాగితం, షూఫా. షూఫా అంటే మన సిబిల్ లాంటిది. కొత్తగా వెళ్ళినవాళ్ళకి అందులో పెద్దగా ఏమీ ఉండదు. అది మన తప్పు కాదు, "ఈ మధ్యే వచ్చాను" అని మెసేజ్‌లోనే చెప్పేస్తే సరిపోతుంది. మన డేటా కాపీ ఏడ్చి అడగక్కర్లేదు, ఉచితంగా ఇవ్వాలని యూరప్ డేటా చట్టంలోనే ఉంది. డబ్బులు కట్టి తీసుకునే సర్టిఫికెట్ వేరే ఉంటుంది. కొంతమంది ఓనర్లు అదే కావాలంటారు, అడిగినప్పుడు చూసుకోవచ్చు.

ఆ రాత్రి

నవంబర్ మూడో వారం వచ్చేసింది. చేతిలో ఒక్క ఇల్లూ లేదు. అప్పటికి పాప వీడియో కాల్‌కి రావడం మానేసింది. మొదట్లో ఫోన్‌ని ముద్దులు పెట్టుకునేది. తర్వాత తర్వాత అమ్మ "మాట్లాడవే, మమ్మీ" అంటే తల తిప్పేసుకుని బొమ్మలు చూసేది. ఎవరో బంధువులు "అంత చిన్నపిల్లని వదిలి ఎలా వెళ్ళిందమ్మా" అన్నారని అమ్మ నోరు జారి చెప్పేసింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే ఒక యాడ్ కనపడింది. సిటీ మధ్యలో 3 గదులు, 75 చదరపు మీటర్లు, కిచెన్‌తో సహా వేడి అద్దె 890 యూరోలు. ఆ ఏరియాలో దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. అది నాకు తెలుసు. తెలిసీ మెసేజ్ పెట్టాను.

పది నిమిషాల్లో జవాబు! 94 మెసేజ్‌లలో ఎవరూ అంత త్వరగా, అంత ప్రేమగా రాయలేదు. "నేను ఉద్యోగం మీద వేరే దేశంలో ఉంటున్నాను. చిన్నపిల్లలున్న మంచి కుటుంబానికే ఇవ్వాలని ఉంది. మీ పాస్‌పోర్ట్, జీతం స్లిప్పులు పంపండి." పంపేశాను. తర్వాత ఒక లింక్ వచ్చింది, పేరున్న బుకింగ్ సైట్ లాగే ఉంది. మూడు నెలల డబ్బు అందులో కడితే తాళాలు కొరియర్‌లో వస్తాయి. నచ్చకపోతే డబ్బు వాపస్. మూడు 890లు, 2,670.

బటన్ నొక్కే ముందు ఆయనకి ఫోన్ చేశాను. ఇండియాలో తెల్లవారుజామున నాలుగు. "ఇల్లు దొరికిందండీ" అన్నాను. నిద్రమత్తులోనే ఒకటే మాట అడిగారు. "ఎలా ఉంది, లోపల వెలుతురు వస్తుందా?"

నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను చూడలేదు కదా.

"చూడకుండా డబ్బులేంటి? మన కూకట్‌పల్లిలో అయితే ఇస్తావా?" అన్నారు. ఫోన్ పెట్టేసి ఆ ఫోటోలని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టాను. అవి వేరే ఊళ్ళో, ఎప్పుడో పాత యాడ్‌లో ఉన్న ఇల్లు. అసలా ఇల్లు మ్యూనిక్‌లోనే లేదు.

డబ్బు పోలేదు. కానీ పాస్‌పోర్ట్ కాపీ పోయింది. నా పేరు మీద ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని పోలీసులకి కంప్లైంట్ ఇచ్చాను, బ్యాంక్‌కి చెప్పాను. నెలల తరబడి ప్రతి పోస్టు కవరూ భయంగానే విప్పాను.

ఇప్పుడు చెప్తున్నా, రాసుకోండి. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడంటే, తాళాలు కొరియర్‌లో అంటే, అద్దె ఆ ఏరియాకి అసాధ్యంగా తక్కువుంటే, ఇల్లు చూడకముందే డబ్బు అడిగితే, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఆగిపోండి. మీరు వెళ్ళలేకపోతే అక్కడున్న ఫ్రెండ్‌ని పంపండి. ఇల్లు చూసేదాకా పాస్‌పోర్ట్, జీతం స్లిప్పులు పంపకండి. తప్పనిసరై పంపితే కాపీ మీద అడ్డంగా "ఫలానా ఇంటి అద్దె కోసం మాత్రమే" అని తేదీతో రాసి, అవసరం లేని నంబర్లు కొట్టేసి పంపండి.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. నన్ను మోసం చేయబోయింది వాడి తెలివి కాదు, నా తొందర. డిసెంబర్ 20 టికెట్ లేకపోతే ఆ మెసేజ్‌కి నేను నవ్వేసి ఊరుకునేదాన్ని.

మర్నాడే టికెట్లు మార్చాం. ఫిబ్రవరి నెలాఖరుకి. ఫైన్ కట్టాం. అమ్మకి చెప్తే ఏమీ అనలేదు, "పర్లేదులే, పిల్ల నా దగ్గరే కదా" అంది. ఆ డబ్బు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఒక ఫోన్ కాల్

డిసెంబర్‌లో ఒక ఓనర్ నుంచి కాల్ వచ్చింది. మొదట బాగానే మాట్లాడాడు. నా పేరు స్పెల్లింగ్ అడిగాడు, ఏ దేశమని అడిగాడు. ఇండియా అన్నాను. "ఇప్పుడు ముగ్గురంటారు, తర్వాత ఎంతమంది వస్తారు? వంట వాసన గోడల్లోంచి పోదు" అన్నాడు. పెట్టేశాడు.

అలాంటివి తప్పని చెప్పే చట్టం జర్మనీలో 2006 నుంచి ఉంది. జాతి, పుట్టుక చూసి ఇల్లు ఇవ్వనంటే పరిహారం అడగొచ్చు, కానీ మామూలుగా రెండు నెలల్లోపు అడగాలి. అందుకని అలాంటి మెసేజ్‌లు వస్తే స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. నాకు మాత్రం ఫోన్‌లో అన్న మాట, సాక్ష్యం లేదు. వదిలేశాను.

కానీ ఆ రాత్రి ఇంకోటి గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో మేం ఇల్లు వెతికినప్పుడు ఒక ఓనర్ ఆంటీ "మీరేమిట్లు అమ్మా?" అని అడిగింది. నేను చెప్పాను, ఆవిడకి నచ్చింది, ఇల్లు దొరికింది. అదే బిల్డింగ్ నచ్చిన మా ఫ్రెండ్‌కి దొరకలేదు, వాళ్ళు ముస్లింలు. అప్పుడు నాకు అదేమీ పెద్ద విషయం అనిపించలేదు. ఇల్లు దొరికింది కదా అని పాలు పొంగించుకున్నాను. వాసన గురించి ఒకడు నన్నంటే గానీ ఆ ఫ్రెండ్ ఎలా ఇంటికెళ్ళి ఉంటుందో నాకు తట్టలేదు. మర్నాడు ఆమెకి ఫోన్ చేశాను. "ఇన్నాళ్ళకా!" అని నవ్వింది. అంతే, ఇంకేమీ అనలేదు.

పూఖ్‌హైమ్ ఇల్లు

సిటీ మధ్యలోనే కావాలన్న పట్టు వదిలేసి, లోకల్ ట్రైన్ లైన్లు పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. జనవరిలో ఎస్4 లైన్ మీద, పడమర వైపు పూఖ్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో ఒక ఇంటికి పిలుపొచ్చింది. మెయిన్ స్టేషన్ నుంచి అరగంట లోపే. 3 గదులు, 70 చదరపు మీటర్లు, రెండో అంతస్తు.

అంతకుముందు చూసిన ఇళ్ళలో మెట్ల మీద ముప్పై మంది క్యూ ఉండేవాళ్ళు. ఇక్కడ నలుగురమే. ఓనర్ డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దావిడ. బూట్లు బయట విప్పబోతుంటే "అక్కర్లేదు" అంది, అయినా విప్పాను. మనకి అలవాటే కదా.

ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. ఒకటి, "గాలి ఎలా పట్టిస్తారు?" వింతగా ఉందా? అక్కడ ఇళ్ళు గాలి చొరబడనంత బిగుతుగా ఉంటాయి. వంట ఆవిరి, స్నానం ఆవిరి బయటికి పోకపోతే గోడలకి బూజు పట్టేస్తుంది. అందుకని ఎంత చలైనా రోజుకి రెండు మూడు సార్లు కిటికీలన్నీ బార్లా తీసి ఐదు పది నిమిషాలు ఉంచాలి. ఈ సంగతి ఫర్నిష్డ్ రూమ్‌లోనే నేర్చుకున్నాను కాబట్టి చెప్పగలిగాను.

రెండో ప్రశ్న, "మీరు బాగా వంట చేస్తారా?" నాకు ఆ ఫోన్ కాల్ గుర్తొచ్చింది. చెయ్యం అనేద్దామనిపించింది. కానీ రేపు తాలింపు వాసన వస్తే అబద్ధం బయటపడుతుంది కదా! "చేస్తాం అండీ, రోజూ చేస్తాం. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి వేస్తాం, ఘాటు వస్తుంది. కిటికీ తీసి, చిమ్నీ ఆన్ చేసి, కిచెన్ తలుపు మూసి చేస్తాం" అని వచ్చీరాని జర్మన్‌లో చేతులూపుతూ చెప్పాను. ఆవిడ నవ్వింది. "నేను ఉల్లిపాయలు వేయించినా అంతే" అంది.

నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది. ఇల్లు మాకే.

సంతకం ముందు, తాళం ముందు

ఇక్కడ మా లెక్క చెప్తాను, మీకు అంచనా వస్తుంది. చల్లని అద్దె 1,420. మీద ఖర్చులు 310. అంటే వేడి అద్దె 1,730 యూరోలు. డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల చల్లని అద్దెకి మించకూడదు. మాకు 4,260. ముందున్నవాళ్ళ కిచెన్ కొన్నందుకు 1,200. మొత్తం 7,190 యూరోలు. లెక్క సులువు కోసం యూరోని వంద రూపాయలనుకుంటే ఏడు లక్షల పైమాటే, ఇంకా మంచం కూడా కొనలేదు!

కానీ చాలామందికి తెలియని విషయం. ఆ డిపాజిట్‌ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మనకి ఉంది. అలా చూస్తే మొదటి నెల మాకు అయ్యేది 4,350. ఓనర్ ఆ డిపాజిట్‌ని తన సొంత డబ్బుతో కలపకుండా వేరే అకౌంట్‌లో ఉంచాలి, వడ్డీ కూడా మనదే.

కాంట్రాక్ట్‌లో మూడు చూడండి. అద్దె ఎలా పెరుగుతుంది, ఏటేటా ఇంత అని రాశారా, ధరల సూచీకి ముడిపెట్టారా? ఖాళీ చేయాలంటే నోటీస్ ఎంత, మామూలుగా మనవైపు నుంచి మూడు నెలలు. ఇన్నాళ్ళు ఖాళీ చేయకూడదన్న షరతు ఉందా, ఉంటే అది నాలుగేళ్ళ దాకా కూడా ఉండొచ్చు. ఉద్యోగం మారే వయసులో మనకి అది పెద్ద తలనొప్పి. అద్దెదారుల సంఘాలుంటాయి, మీటర్‌ఫెరైన్ అంటారు. ఏడాది సభ్యత్వం కడితే కాంట్రాక్ట్ చూసి చెప్తారు. గూగుల్ ట్రాన్స్‌లేట్ మీద సంతకం పెట్టకండి.

తాళాలిచ్చే రోజు ఇల్లంతా తిరిగి ప్రతి గీతా, ప్రతి మచ్చా కాగితం మీద రాయించండి. మీటర్ రీడింగులు, తాళాల సంఖ్య కూడా. వీడియో తీసుకోండి. మీరు ఖాళీ చేసే రోజు డిపాజిట్‌ని కాపాడేది ఆ కాగితమే. ఏడాదికోసారి హీటింగ్ లెక్క కూడా వస్తుంది. ఎక్కువ వాడితే కట్టాలి, తక్కువ వాడితే వాపస్. మొదటి ఏడాది దానికి కొంచెం పక్కన పెట్టుకోండి.

ఇంటిపేరు

ఆఖరిది. మనవాళ్ళు ఎవరూ ముందు చెప్పనిది. అక్కడ అపార్ట్‌మెంట్లకి మామూలుగా ఫ్లాట్ నంబర్ ఉండదు. కాలింగ్ బెల్ మీద, పోస్ట్ డబ్బా మీద ఇంటిపేరు ఉంటుంది. పేరు లేకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. ట్యాక్స్ నంబర్, బ్యాంక్ కార్డు, అన్నీ పోస్ట్‌లోనే వస్తాయి.

మన సమస్య తెలుసు కదా. నా పాస్‌పోర్ట్‌లో మా నాన్నగారి ఇంటిపేరు. ఆయనది వేరే. పాప పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గర ఆయన పేరే ఎక్కింది. ఒకే ఇంట్లో మూడు ఇంటిపేర్లు! కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే అందరివీ రాయండి. చిన్నపిల్లలకి కూడా ట్యాక్స్ నంబర్ ఉత్తరం వాళ్ళ పేరు మీదే వస్తుంది.

ఆ పెద్దావిడని అడిగితే చిన్న ప్లేట్ మీద మూడూ రాయించుకోమంది. పట్టవేమో అనుకున్నాను, చిన్న అక్షరాలతో పట్టాయి.

ఫిబ్రవరి 26న వాళ్ళిద్దరూ దిగారు. ఎయిర్‌పోర్ట్‌లో పాప నన్ను చూసి వాళ్ళ నాన్న భుజంలో మొహం దాచుకుంది. ట్రైన్‌లో కూడా నా దగ్గరికి రాలేదు. ఇంటికొచ్చాక ఖాళీ హాల్లో ఒక చివర నుంచి ఇంకో చివరికి పరుగెత్తింది, తన అరుపు తనకే వినిపిస్తుంటే మళ్ళీ మళ్ళీ అరిచింది. మంచం లేదు, ముగ్గురం నేల మీద పరుపేసుకుని పడుకున్నాం. తెల్లవారుజామున చూస్తే దాని కాలు నా పొట్ట మీద ఉంది. నేను కదల్లేదు.

మళ్ళీ టికెట్లు కొనాల్సి వస్తే నేను చేసేది ఒకటే. ముందు ఒక్కరు వెళ్ళండి, అడ్రస్ ఉన్న రూమ్‌లో దిగండి, మీరెవరో చెప్పే మెసేజ్ రాయండి, ఇల్లు కళ్ళతో చూడండి. తాళం చేతిలో పడ్డాక అప్పుడు ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, టికెట్ కొనమని. పిల్లలు రెండు నెలలు ఆలస్యంగా వచ్చినా తట్టుకుంటారు. మనమే తట్టుకోలేం, అదే మనల్ని ఆ బటన్ దాకా తీసుకెళ్తుంది.

ఇల్లు వెతుకుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. ముఖ్యంగా టికెట్లు కొనేసినవాళ్ళకి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను, నమస్తే.